అగ్గికొండలో మా ఆయన రుమాలు

“నీకు కావాల్నంటే తీసుకోమ్మా. గానీ, కొండ అద్దన్నదే నాకు దొరికింది.”

“అయితే నా ముందటనే తలకు కట్టుకో.”

కొండ మీద వల పట్టుకున్న ఒకాయనా, నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు గైడు హిందీలో చేరవేశాడు.

ధర్మాబాద్‌లో నేను వంట చేసే సేటు కుటుంబం బయటి తిండి ముట్టదు. అందుకే ఇండోనేషియా పోతూ నన్నూ తీసుకుపోయారు. అక్కడ బ్రోమో అనే నేషనల్ పార్కులో పొగ కక్కే కొండ ఉంది. దాని నోట్లోకి పూలు, కూరగాయలు, కోళ్ళు విసిరి మొక్కుతారని సేటమ్మ ముందే చెప్పింది. మా ఆయన చితి మీద ఆయన తలకు చుట్టుకునే రుమాలు వేయడం మరిచిపోయాను. ఆ అగ్గికైనా ఇద్దామని సంచిలో పెట్టుకుపోయాను.

విసిరాను. లోపలి వాలు మీద నిలబడ్డ ఆ వలాయన దాన్ని పట్టేశాడు.

“దొంగోడా, సచ్చినోని రుమాలు గూడ ఇడ్వవా?” అని అరిచాను.

ఆయన పైకెక్కి వచ్చి రుమాలు నా ముందు చాచాడు. దేవుడు తీసుకోగా మిగిలింది లేనివాళ్ళదని, ఇక్కడ అది దొంగతనం కాదని గైడు చెప్పాడు. నేను నమ్మలేదు. అమ్ముకుంటాడనే అనుకున్నాను. అందుకే కట్టుకోమన్నాను.

చలికి చెవులు మూసేలా కట్టుకున్నాడు. విప్పుతాడేమోనని కొండ దిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. విప్పలేదు.

బిడ్డా, నేను చెప్పేది రాసుకుంట, దొంగ అన్న మాట బాగుండదని తీసేసినవేమో. ఏదీ, మొదటికెల్లి చదువు.