తొమ్మిది ముక్కలు

కింది వాటాలో అద్దెకుంటున్న టీచరమ్మగారు కాకరకాయ వేపుడు చేసినప్పుడల్లా ఆ ఘాటు మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చేస్తుంది, నేను గబగబా కిటికీ వేసేస్తాను. ఏం లాభం! అప్పటికే కంచంలో తడుముకుంటున్న నాయనమ్మ వేళ్లు నా కళ్లముందుకొచ్చేసి ఉంటాయి.

చిన్నప్పుడు నాకు సయించనివి ఒకటా రెండా? పొట్లకాయని చూస్తే పామే, మెంతికూర పప్పంటే మందే, ఉలవచారు కాగుతుంటే ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తేదాన్ని. అన్నిట్లోకీ పెద్ద శత్రువు కాకరకాయ. మా తిరువూరు ఎండలకి పెరట్లో మిగతా పాదులన్నీ మాడిపోయినా దడి మీద ఆ పాడు తీగ మాత్రం విరగకాసేది. అమ్మ వాటిని చక్రాల్లా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, చేదునీరు పిండేసి, ఎర్రగా వేయించి, పైన వెల్లుల్లి కారం చల్లేది. కంచంలో మెతుకు మిగల్చకూడదని నాన్న శాసనం.

నాయనమ్మకి రెండు కళ్లల్లోనూ శుక్లాలు. భోజనాల దగ్గర నా పక్క పీట ఆవిడదే. అమ్మ వడ్డించి పొయ్యివైపు తిరగ్గానే నా ముక్కలన్నీ మెల్లిగా ఆవిడ కంచంలోకి జరిపేసేదాన్ని, ఎంత దొంగబుద్ధో చూడండి. ఆవిడ తడిమి చూసుకుని, అన్నీ నమిలేది. కోడల్ని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు, "అమ్మాయీ" అని నోరారా పిలిచే మనిషి.

ఒక ఆదివారం అందరం తింటుండగా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముక్కల్ని ఒక్కొక్కటే కంచం అంచుకి చేర్చి పైకి లెక్కపెట్టింది. తొమ్మిది.

"పప్పూ నెయ్యీ మీకు, చేదు ముక్కలేమో ఈ గుడ్డిదానికీనా?" అంది.

"అయ్యో అత్తయ్యా, మూడే వేశానండీ, ఒట్టు!" అంటూ అమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

ఇద్దరూ అబద్ధమాడలేదు. మిగతా ఆరూ నావి. మా ఇళ్లల్లో వడ్డనని బట్టే పెద్దవాళ్లు తమ విలువెంతో తెలుసుకుంటారు. పొమ్మనలేక పొగబెడుతున్నారనుకుంది పాపం. నాన్న కంచం తోసేసి అమ్మని నానా మాటలూ అన్నాడు. నేను తలవంచుకుని పెరుగన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ ట్రంకుపెట్టెతో రెడ్డిగూడెంలో ఉన్న బాబాయి దగ్గరికి బస్సెక్కేసింది. అమ్మ ఏడుస్తూ బస్టాండు దాకా వెనకే వెళ్లింది. నిజం నా నాలుక చివరే ఉంది, నాన్న చేతికి జడిసి మింగేశాను. మరుసటేడు మామిడికాయల రోజుల్లో నాయనమ్మకి బాగాలేదని కబురొస్తే అమ్మ చూడబోయింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుందట. వారం తిరక్కుండానే పోయింది.

కర్మకాండలయ్యాక అమ్మ దడి మీది తీగని వేళ్లతోసహా పీకేసింది. మళ్లీ మా ఇంట్లో కాకరకాయ వండలేదు. నేను కోరుకున్నట్టే పీడ విరగడైంది, ఛీ.

మొన్న కింది వాటా వాసనకి, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మే, "ఇన్నేళ్లకి నాకూ తినాలనిపిస్తోందే" అంది. వేయించి, మూడు ముక్కలు వడ్డించి, పక్కన కూచున్నాను. ఇప్పుడు ఆ పెంకుటిల్లూ లేదు, దడీ లేదు, పీటలూ లేవు, నాన్నా లేడు. ఇంక ఎవరికి జడవాలని? చెప్పేశాను.

అమ్మ నోటిదాకా తెచ్చిన ముద్దని దించలేదు, తినేసింది. మిగతా ముక్కలు కూడా తిని, కంచం ఖాళీ చేశాక అంది.

"అప్పుడే చెప్పుంటే, ఆవిడ నన్ను ఇంకొక్కసారి అమ్మాయీ అని పిలిచేది కదే."