పారిపోయినోడి వాలు

ఆ చుట్టుపక్కల ఏ చోటుకూ మనిషి పేరు ఉండదు. అక్కడ జరిగిందే పేరవుతుంది. బండి విరిగిన మలుపులో ఎవరి బండి విరిగిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తగువు బీడులో తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల మనవలు దాన్ని కలిసే దున్నుకుంటున్నారు. నోటిమాటగా నడిచిన ఈ పేర్లన్నిటికీ రోడ్డు ఆఫీసు బోర్డులు పెట్టిస్తోంది. రాసే పని పెయింటరమ్మకు వచ్చింది.

వరండాలో బోర్డులు వరసగా ఆరుతున్నాయి. మిగిలింది ఒక్కటే, పారిపోయినోడి వాలు. ఆ పారిపోయినవాడు ఆమె తండ్రి. లోపలి గదిలో కుర్చీ కాలు బిగించుకుంటున్నాడు.

రాతి క్వారీలో కింద రాళ్లు కొట్టేవాళ్ల కోసం పైన ఒక కాపలా మనిషి ఉండేవాడు. బండ కదిలితే అరవడం అతని పని. ఒకరోజు కదిలింది. కాపలా మనిషి వాలు వెంట పరుగెత్తడం అందరూ చూశారు. అరుపు విన్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. కింద ఒకడు నలిగిపోయాడు. ఆ తర్వాత తండ్రి ఆ ఊసెత్తలేదు. ఎక్కడికెళ్లినా ఆ వాలు తప్పించి చుట్టుతిరిగే వెళ్తాడు.

పెయింటరమ్మ ఎదురుపడితే జనం ఆ పేరు దగ్గర గొంతు తగ్గించేవాళ్లు. బోర్డుకు ఆ మొహమాటం ఉండదు. పేరు తీసేయాలంటే అక్కడ నష్టపోయిన ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, అది అక్కడి ఆనవాయితీ. అందుకే ఆమె చనిపోయినవాడి భార్య దగ్గరికి వెళ్లింది. ఆ ముసలావిడ గుమ్మంలో కూర్చుని గోనెసంచులు కుడుతోంది.

"అత్తా, ఆ వాలు పేరు మార్చమని నువ్వొక మాట చెప్పాలి."

"ఏమని మార్చాలే?"

"రాళ్ల వాలు అని."

"ఇక్కడ రాళ్లు లేని వాలు ఏదే తల్లీ? అడ్రసు వెతుక్కునేవాడు చచ్చిపోతాడు." సూదిలో దారం ఎక్కించుకుని అడిగింది. "మీ నాన్న పంపాడా?"

"లేదు. నేనే వచ్చాను."

"అదే అనుకున్నా. ఆయన్ని రమ్మను. ఆ రోజు అరిచాడో లేదో నా మొహం చూసి చెప్పమను. అరిచానంటే నమ్ముతా. అరవలేదన్నా సరే, పేరు తీయించేస్తా. ఏదో ఒకటి చెప్పమను. ఇన్నేళ్లూ నా గుమ్మం తొక్కని మనిషికి నేనెందుకే మర్యాద చేయాలి?"

పెయింటరమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి, తండ్రికి అన్నం పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏదో ఒకటి చెప్తే చాలంట నాన్నా. నేనూ తోడొస్తాను."

తండ్రి అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"అరిచావా నాన్నా?" ఈ మాట ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆయన కంచం పక్కకు జరిపాడు. చేతివేళ్లకంటిన మెతుకులు ఒక్కొక్కటే తీసుకున్నాడు.

"బోర్డు ఎప్పుడివ్వాలి?"

"సోమవారం."

"ఈ ముసురుకి రంగు తొందరగా ఆరదు," అన్నాడు. "ఇవాళే రాసెయ్యమ్మా."

చెయ్యి కడుక్కుని మళ్లీ కుర్చీ దగ్గరికి వెళ్లాడు. పెయింటరమ్మ కంచం ఎత్తింది. తర్వాత నల్లరంగు డబ్బా మూత తీసి, సుద్దముక్కతో బోర్డు మీద అక్షరాల కోసం గీతలు కొట్టుకుంది.