రైక గుడ్డ చదివింపు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్లకు నేను చెన్నూరుకు కొత్తగా టీచరుగా వచ్చాను. ఆ ఊరివాళ్లు వేసే నాటకంలో నాది నాయకుడి వేషం. నాయికగా కరీంనగర్ నుంచి రుక్మిణి అనే నటిని పిలిపించారు. రిహార్సల్స్‌లో నాకు పెళ్లి కాలేదని ఆమెతో చెప్పాను, తనను చేసుకుంటానని మాట కూడా ఇచ్చాను. నా భార్య లక్ష్మి కాన్పుకు ఇచ్చోడలో పుట్టింట్లో ఉంది. ప్రేమ నిజమనిపిస్తేనే పాత్ర పండుతుందని నన్ను నేను నమ్మించుకున్నాను.

ప్రదర్శన రోజు రుక్మిణి చెయ్యి పట్టుకొని ప్రమాణం చేయబోతుండగా హార్మోనియం ఆగింది. ప్రేక్షకుల కానుకలు ప్రకటించే పెద్దమనిషి వేదికెక్కాడు.

"మన సారు ఇంటామె చంటిపిల్లతోని ఇచ్చోడ నుంచి వచ్చింది. ఆట మెచ్చి రుక్మిణమ్మకు రైక గుడ్డ చదివిస్తున్నది."

రుక్మిణి ఆ గుడ్డను కళ్లకద్దుకుని, నా వైపు తిరిగి, ప్రమాణం కోసం నిలబడింది. తెర వెనక నుంచి మాట అందిస్తూనే ఉన్నారు: "నీవు తప్ప నాకెవరూ లేరు." నేను జనంలో లక్ష్మి కోసం చూశాను. దిగిపోయే దారీ లేదు.

"సారు ఇంటామెను చూసి బుగులు పడ్డడు" అని ఎవరో అంటే జనం నవ్వారు. లక్ష్మి కూడా నవ్వింది. చివరికి ఆ మాట అన్నాను. చప్పట్లు కొట్టారు.

మర్నాడు రుక్మిణి మా ఇంటికి వచ్చి లక్ష్మితో బొట్టు పెట్టించుకుంది. "అక్కా, మీ సారు మంచిగ నటిస్తడు" అని బస్సుకు వెళ్లిపోయింది.

ఆ మాటను లక్ష్మి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. మీ పత్రికలో పాఠకుల అనుభవాలు వేసే ఈ పేజీని మా ఇంట్లో ముందు చదివేది ఆమే. అందుకే పేరు దాచుకోకుండా పంపుతున్నాను.