కొసరు కరివేపాకు

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక్కొక్కరికీ ఒక్కో కుళ్లు ఉండేది. ఒకరికి పక్క సీటువాడి ఆన్‌సైట్ మీద, ఇంకొకరికి వాడి హైక్ మీద, మరొకరికి కిటికీ పక్కన వాడికి దొరికిన కుర్చీ మీద. నాకు మాత్రం రైతుబజారులో ఒక అవ్వ ఇచ్చే రెండు రెమ్మల కరివేపాకు మీద. అదైనా నాకిచ్చేది కాదు, నా పక్కనున్న మనిషికిచ్చేది. చెబితే నవ్వుతారని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నవ్వినా బాధపడని వయసు వచ్చింది కనుక చెబుతున్నాను.

మాదాపూర్‌లో హాస్టళ్లు బారులు తీరిన ఒక సందులో, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో నేనూ నా స్నేహితురాలూ కిరాయికి ఉండేవాళ్లం. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఆమెది అనంతపురం కాబట్టి ఆమె పేరు 'అనంతపురం', నాది భీమవరం పక్క కాబట్టి నా పేరు 'గోదారి'. (అసలు పేర్లు ఆఫీసు మెడపట్టీల మీద తప్ప ఎక్కడా వాడిన గుర్తు లేదు.) వంట నాది, గిన్నెలు తోమడం ఆమెది. ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి ఇద్దరం రైతుబజారుకి వెళ్లి వారానికి సరిపడా కూరలు తెచ్చుకునేవాళ్లం. కూరలు ఎంచడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. మా అమ్మ నన్ను హైదరాబాదు బస్సెక్కిస్తూ ఉద్యోగం గురించి ఒక్క మాటా చెప్పలేదు కానీ, సొరకాయకి గోరు గుచ్చి చూడమనీ, వంకాయ తొడిమ పచ్చగా ఉందో లేదో చూడమనీ, బెండకాయ కొస విరిచి చూడందే సంచీలో వేయొద్దనీ బస్సు కదిలేదాకా చెప్పింది. కొస టక్కున విరిగితే లేత, వంగి పీచు సాగితే ముదురు. ఆ టక్కు వినపడగానే నాకు పరీక్ష పాసైనంత తృప్తిగా ఉండేది.

మేము బెండకాయలు కొనే అవ్వ చేవెళ్ల వైపు నుంచి వచ్చేది. బెండకాయలు గుట్టగా పోసి, పక్కన తడిగుడ్డ కింద కరివేపాకు పెట్టుకుని కూర్చునేది. నేను గుట్ట ముందు కూర్చుని ఒక్కొక్క కాయనీ విరిచి చూసి అరకిలో ఏరేసరికి పావుగంట పట్టేది. అనంతపురం మాత్రం నిలబడే, "అవ్వా, నువ్వే ఏరియ్యి," అనేసి పక్కకి తిరిగి జనాన్ని చూస్తూ ఉండేది. అవ్వ చకచకా ఏరి, తూచి, ఆ పైన నాలుగు పచ్చిమిరపకాయలూ రెండు రెమ్మల కరివేపాకూ సంచీలో పడేసి, "పోయిరా బిడ్డా," అనేది. తర్వాత నా వైపు తిరిగి, "అయ్యిందా మేడమ్?" అనేది. నాకు కరివేపాకు లేదు, మిరపకాయ లేదు, బిడ్డా లేదు. ఉన్నదల్లా మేడమ్.

ఇంటికొచ్చాక ఆమె సంచీ ముందర వేసుకుని, ఒక్క ముదురైనా కనబడకపోతుందా అని కాయకాయా వెతికేదాన్ని. ఒక్కటీ దొరికేది కాదు. పోనీ అనుకుంటే, సోమవారం ఆఫీసులో డబ్బా తెరవగానే, "అనంతపురం తెచ్చిన బెండకాయలా? అందుకే వేపుడు ఇంత బాగుంది," అనేవాళ్లు. పొయ్యి దగ్గర చెమటలు కక్కింది నేను. పేరు మాత్రం కాయ ముట్టని మహాతల్లిది. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. అబద్ధమెందుకు, దిగేది, కానీ రుచి తెలిసేది కాదు.

ఇదంతా యాస మహిమ అని ముందు అనుకున్నాను. నా 'అండి'లు అవ్వకి పరాయిగా అనిపిస్తున్నాయేమో. (అనంతపురందీ ఈ ఊరి యాస కాదన్న సంగతి కుళ్లులో తట్టలేదు.) మా ఆఫీసు క్యాబ్ డ్రైవర్ మాట్లాడుతుంటే శ్రద్ధగా విని, వారమంతా అద్దం ముందు సాధన చేసి, ఆదివారం అవ్వ ముందు కూర్చుని, "అవ్వా, జర మంచిగ ఇయ్యరాదే," అన్నాను. అవ్వ తలెత్తి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏం కావాలె మేడమ్?" అంది. పక్కన అనంతపురం దగ్గు వచ్చినట్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

తర్వాతి వారం ఒక నీచమైన పని చేశాను. అనంతపురం ముందురోజు ఆఫీసు పనిలో అలిసిపోయి, పొద్దెక్కినా లేవలేదు. లేపకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి ఒక్కదాన్నే బజారుకి వెళ్లాను. పోలికకి ఆమె పక్కన లేకపోతే ఆ కొసరు నాకే దక్కుతుందని నా ఆశ. అవ్వ నన్ను చూడగానే నా వెనక్కి చూసింది.

"ఆ పిల్ల రాలే? పానం బాగుందా?"

"బాగానే ఉందండి. నిద్రపోతోంది."

"పాపం, పని ఎక్కువైంది గావచ్చు," అని, నేను ఏరుకున్న అరకిలో తూచి ఇచ్చాక, గుడ్డ ఎత్తి ఎప్పటికన్నా పెద్ద కరివేపాకు కట్ట తీసి నా చేతిలో పెట్టింది. నా గుండె ఒక్కసారి పొంగింది. "గీ కల్యామాకు ఆ పిల్లకియ్యి," అంది.

అంటే ఇప్పుడు నేను ఆమె కొసరు మోసే మనిషినన్నమాట. ఆటోలో దారంతా ఆ కరివేపాకు వాసన వేస్తూనే ఉంది, నేను ఉడుకుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి, ఆమె నిద్ర లేచేలోగా కట్టంతా దూసి చారులో పడేశాను. మధ్యాహ్నం ఆమె రెండోసారి చారు పోయించుకుంటూ, "ఏమే గోదారీ, ఈరోజు చారు గమగమలాడతాంది," అంది. నేను "ఊఁ" అన్నాను.

ఆ పై ఆదివారం దగ్గరపడేకొద్దీ నాకు భయం పట్టుకుంది. మబ్బు పట్టిందన్నాను, పక్క వీధిలో సూపర్‌మార్కెట్ ఉంది కదా అన్నాను. "అవ్వ ఎదురుచూస్తాదే," అంటూ ఆమె సంచీ తీసింది. అనుకున్నంతా అయింది. మేము వెళ్లి నిలబడగానే అవ్వ, "నేను పంపిన కల్యామాకు ముట్టిందా బిడ్డా?" అని అడిగేసింది. నేను చటుక్కున గుట్ట ముందు కూర్చుని బెండకాయలు విరవడం మొదలుపెట్టాను. తల ఎత్తలేదు కానీ, అనంతపురం చూపు నా నడినెత్తి మీద ఉన్నట్టు తెలుస్తూనే ఉంది.

"ముట్టింది అవ్వా. శానా బాగుండె," అంది.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నన్ను కాపాడింది, అది తట్టుకోలేకపోయాను. మంచితనంలో కూడా నాకన్నా ముందే ఉంది కదా అని ఇంకా కుళ్లుకుంటూ, చూడకుండా టకటకా విరిచేస్తున్నాను. అప్పుడు అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"మేడమ్, జర చేతులు ఆపుండ్రి." తన పక్కనున్న గోనెసంచి అంచు ఎత్తి చూపించింది. దాని కింద కొసలు వంగి, నలిగి, వేలాడుతున్న బెండకాయలు ఉన్నాయి. "ఇవన్ని మీరు ఇప్పుడు ఇరిసి వదిలినయే. ముదురుదైనా కొస సక్కగుంటే పులుసులకన్న ఎవలన్న తీస్కపోతరు. ఇరిగినంక ఎవలు ముట్టరు. పతి ఆయితారం ఇంటికి పట్కపోయి మేమే వండుకుంటున్నం."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువైంది అన్నట్టు చెప్పింది. ఇన్ని వారాలుగా, నేను పారేసిన ముదురు కాయలు ఒక ఇంటిల్లిపాదీ నములుతున్నారని నాకు తట్టనైనా లేదు. "మరి ఆమెకి ఎప్పుడూ లేతవే పడతాయి కదండి," అన్నాను. ఆ సమయంలోనూ నా గోల నాదే.

"గా పిల్ల కాయ ముట్టదు. నన్నే ఏరియ్యమంటది. నమ్మి అడిగినంక ముదురుది ఎట్లేస్త?" అంది అవ్వ.

చేతిలో ఉన్న కాయ కింద పెట్టాను. తర్వాత, "ఆ విరిగినవన్నీ నాకు తూచండి మామ్మగారూ," అన్నాను. అవ్వ వద్దంది, నేను వినలేదు. తూచి సంచీలో పోసింది. గోనె అడుగున ఇంకో నాలుగు కాయలు మిగిలితే, అవీ నేను విరిచినవే, గుప్పెట పట్టి పైన వేసింది. "కొసరు. తీస్కపో బిడ్డా," అంది. అన్ని వారాలు కుళ్లి కుళ్లి చచ్చినందుకు నాకు దక్కిన కొసరు అదీ, నా ముదురు బెండకాయలే. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క కొట్టులో ఉల్లిపాయలు ఉన్నాయి కనుక సర్దుకున్నాను.

ఆటోలో సగం దూరం వచ్చాక అనంతపురం అడిగింది. "ఆ కరివేపాకు ఏం చేస్తివే?"

"చారులో వేశాను."

"అంతానా?"

"అంతా."

"అందుకేనా," అని బయటికి చూస్తూ కూర్చుంది. ఆ వారం నాలుగు రోజులు బెండకాయ పులుసు చేశాను. ఆ పీచు ఇద్దరం నమిలాం. ఆమె ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. (దానికీ కాస్త కుళ్లుకున్నాను.)

ఇప్పుడు నేను ఖాజాగూడలో ఉంటున్నాను. ఆమె ఇల్లు నగరానికి ఆ చివర, జీడిమెట్ల దాటాక. అవ్వ కూర్చునే చోట వేరెవరో కూర్చుంటున్నారు. ఎప్పుడైనా ఆమె మా ఇంటికి వస్తే ఇద్దరం బజారుకి వెళతాం. ముక్కూమొహం తెలియని కొట్టావిడ కూడా మొదటిసారే ఆమె సంచీలో ఒక కొత్తిమీర కట్ట ఊరికే పడేస్తుంది. నేను ఆ కొట్టులోనే పదేళ్లుగా కొంటున్న మనిషిని. నాకు ఈరోజుకీ మండుతుంది.

నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, "మీరే ఏరి ఇవ్వండమ్మా," అంటాను. పోయిన ఆదివారం అలాగే నిలబడి ఉంటే, నా పక్కన ఒక కొత్త ఉద్యోగం పిల్ల గుట్ట ముందు కూర్చుని బెండకాయలు విరుస్తోంది. మాటల్లో మా వైపు 'అండి' వినబడుతోంది. వద్దమ్మా అని చెబుదామని వంగాను. ఆ టక్కు చెవిన పడగానే నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయి, వెనక ఉన్న చెయ్యి ముందుకొచ్చేసింది. ఒక్కటంటే ఒక్కటి విరిచాను. వంగి పీచు సాగింది. కొట్టావిడ చూడకముందే దాన్ని నా సంచీలో వేసుకుని, అదీ కలిపి తూచమన్నాను.