కందికట్టెల వామి

నా చిన్నప్పుడు మా వైపు ఎవరింటికైనా చుట్టం వస్తే, కాళ్లు కడుక్కునే వంకతో ముందు పెరట్లోకి ఒక చూపు వేసేవాడు. ఇల్లు మిద్దెనా, కొట్టమా అన్నది తరువాతి సంగతి. పెరట్లో గడ్డివామి ఎంత ఎత్తున ఉంది, దాని పక్కన కట్టేసిన పశువుల డొక్కలు ఎలా ఉన్నాయి అన్నదాన్నిబట్టి ఆ ఇంటికి విలువ కట్టేవాళ్లు. పుల్లలచెరువుకు అవతల, నల్లమల కనబడే మెట్ట పల్లె మాది. వాన కురిస్తే జొన్న, సజ్జ, కంది. కురవకపోతే కొండను చూస్తూ కూర్చోవడం. అలాంటి చోట పెరట్లో జొన్నచొప్ప వామి నిలబడి ఉందంటే ఆ ఇల్లు ఇంకో ఏడాది నిలబడుతుందని లెక్క.

మొన్న చలికాలంలో మా మనవరాలు నన్ను కారెక్కించి, హైవే పక్కన ఎవరో కట్టిన పాతకాలపు పల్లె మ్యూజియానికి తీసుకుపోయింది. టికెట్టు కొనుక్కుని మరీ రోలూ రోకలీ చూడాలి అక్కడ. ఆ పూట ప్రత్యేకంగా గడ్డి కోసి వామి వేయడం చూపిస్తారట. పంచెలు కట్టించిన కుర్రాళ్లు నలుగురి ముందూ గడ్డి కోసి, మోపులు కట్టి బండికెత్తారు. ఆ బండికి గుర్రాన్ని కట్టారు. పని నేర్చిన ఎద్దులు దొరకలేదట. గుర్రాన్ని జట్కాకు కట్టగా చూశాను గాని, గడ్డిబండికి కట్టడం నా ఇన్నేళ్ల బతుకులో అదే మొదలు. పాపం, అది మాత్రం వెనకనున్న గడ్డివైపు మెడ తిప్పుకుంటూ బుద్ధిగానే లాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు.

ఆ తరువాత వామి దగ్గరికి తీసుకుపోయారు. ఇనప కమ్మీలతో గూడు కట్టి, దానిమీద గడ్డి కప్పి, ఒక పక్క చిన్న వాకిలి పెట్టారు. లోపలికి పోయి ఫొటోలు దిగవచ్చు. "రా అవ్వా, లోపలంతా ఖాళీనే, భలే ఉంది" అని మనవరాలు చెయ్యి పట్టుకుని లాగింది. నేను పోలేదు. దూరంగా ఒక అరుగు చూసుకుని కూర్చున్నాను. లోపల గడ్డి లేని వామి వాళ్లకు వినోదం. మా ఇంట్లో అలాంటిదే ఒకటి లేచింది. ఏడేళ్ల వయసులో దాని పైకెక్కి తొక్కింది నేనే.

అప్పట్లో మాకున్నది ఒకటే ఎద్దు, బూడిదరంగు మైలది. గోడకవతల పక్కింటి పెద్దమ్మకూ ఒకటే, తెల్లది. ఆమె మాకు రక్తసంబంధం కాదు, వరస కలుపుకున్న పెద్దమ్మ. మొగుడు పోయినా సేద్యం వదలకుండా తనే చేసుకునేది. మా తాతను మామా అని పిలిచేది. ఒంటెద్దుతో చేను చదును చేసే గుంటకా నడవదు, విత్తనం వేసే గొర్రూ నడవదు, బండీ కదలదు. అందుకని ఒంటెద్దు ఇళ్లు రెండు కలిసి జత కట్టుకోవడం మా వైపు రివాజు. ఒకనాడు వాళ్ల చేను, ఒకనాడు మా చేను. మా ఎద్దు కాడికి కుడివైపు, వాళ్లది ఎడమవైపు. ఏళ్ల తరబడి అలా నడిచి నడిచి, కాడి ఎత్తకముందే రెండూ తమ తమ చోటికి వచ్చి నిలబడేవి. మా నాయన పలకల గనుల్లో పనికని మార్కాపురంలో ఉండిపోయాడు కాబట్టి సేద్యం బరువంతా తాతమీదే ఉండేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు కూడా లేవకుండా ఎండిపోయింది. మా చేలో వచ్చిన చొప్ప పట్టుమని రెండు నెలలకు కూడా చాలదని తాతకు కోసేటప్పుడే తెలుసు. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఇంకో రైతుకు ఒక ఎద్దు చచ్చిపోయి రెండోది మిగిలింది. ఆయన పెరట్లో నిరుటి వామి ఇంకా అలాగే ఉంది. ఆయన కన్ను పెద్దమ్మ తెల్లెద్దు మీద పడింది.

పెద్దమ్మ ఆ సంగతి దాచిపెట్టుకోలేదు. నేరుగా మా వాకిట్లోకి వచ్చి తాతను అడిగింది. "మీ మామ ఎద్దు ఈ ఎండాకాలం దాటదు, నాతో జత కట్టు అంటన్నాడు మామా ఆయన. మన మైలదానికి మేత ఉందా లేదా? ఉన్నమాట చెప్పు."

ఆమె మన మైలది అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. తాత ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉందమ్మాయ్. చేలో కుప్పేసి పెట్టినా. తోలుకొచ్చి వామి ఏస్తా, నువ్వే చూస్తువుగానీ" అన్నాడు.

ఆ వారంలోనే పెద్దమ్మ యర్రగొండపాలెం దగ్గర తన పుట్టింటికి పోయింది. ఆమె అటు పోగానే తాత పని మొదలుపెట్టాడు. చెదలు పట్టకుండా అడుగున బండలు పరిచాడు. పెరట్లో పొయ్యికోసం దాచిన కందికట్టెను తెచ్చి ఆ బండల మీద గుండ్రంగా, నా తల మునిగేంత ఎత్తున పేర్చాడు. దాని చుట్టూ చొప్ప మోపులు దగ్గరదగ్గరగా ఆనించి కట్టాడు. పైన ఇంకొంత చొప్ప పరిచి, కొట్టాలు కప్పే బోదగడ్డి వేసి, తాళ్లకు రాళ్లు కట్టి వేలాడదీశాడు. మా అమ్మ మోపులు అందించింది. వామి పైన తొక్కడానికి తేలికైన మనిషి కావాలి కనుక నన్ను ఎక్కించారు. మామూలు వామి కాళ్లకింద మెత్తగా దిగుతుంది. ఇది కరకరలాడింది. నాకు అదొక ఆటలా ఉండి గట్టిగా నవ్వాను. తాత నన్ను కిందికి దించి, భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది మన ఇంటి మాట. గడప దాటకూడదు. మనకు లేదని ఊరికి తెలిసిందనుకో, రేపట్నించి మనింటి ముందు ఎవురూ నిలబడరు" అన్నాడు. కోపంగా కాదు, నాకు ఎక్కాలు నేర్పినంత ఓపిగ్గా చెప్పాడు. ఆయన నాకు నేర్పాలనుకున్న పాఠం అది. అందులో అబద్ధమూ లేదు. అంతకు కొన్నేళ్ల ముందు ఒక ఇంట్లో గింజ లేదని బయటపడ్డాక, విత్తనాలిచ్చేవాళ్లు కాదు గదా, ఒక పూట వాడుకోను గొర్రు ఎరువిచ్చేవాళ్లు కూడా లేక ఆ కుటుంబం ఊరొదిలి పోవడం ఆయన చూశాడు. మా ఊరి గుణం అది. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దమ్మ తిరిగి వచ్చింది. గోడ మీదుగా వామిని చూసి ఆమె మొహం విప్పారింది. "ఇంత మేత పెట్టుకోని ఎంత గుట్టుగా ఉన్నావు మామా" అని నవ్వింది. ఆ రైతుకు జత కట్టనని కబురు పంపేసింది. అప్పుడు తాత నవ్విన నవ్వు చూసి, మేం గెలిచాం అనుకున్నాను నేను.

ఎండలు ముదిరాయి. మా మైలదానికి తాత రోజూ గోడ అవతలికి కనబడని పక్క నుంచి చొప్ప లాగి, చిదిపి చిదిపి, మందులా వేసేవాడు. చింతాకు దూసి తెచ్చేవాడు. పెద్దమ్మ ఇంట్లో మేత ముందే అయిపోయింది. కొన్నాళ్లు ఆమె కొట్టం మీది పాతగడ్డి లాగి వేసింది. తెల్లెద్దు పక్కటెముకలు గోడ ఇవతలికి కూడా కనిపించేవి. ఇక తప్పనిసరై ఒకనాటి పొద్దున ఆమె మా పెరట్లోకి వచ్చింది.

"నాలుగు మోపులియ్యి మామా. ఒక్క వాన పడిందాకా దాన్ని నిలబెట్టుకుంటా. నీ చేలో కలుపు తీసి రుణం తీర్చుకుంటా" అంది.

తాత వామికి వీపు పెట్టి నిలబడ్డాడు. నాలుగు మోపులు లాగితే లోపలి కట్టె బయటపడుతుంది. "లేదమ్మాయ్. నా కాడ లేదు" అన్నాడు. ఆ ఏడు ఆయన ఆమెతో చెప్పిన మొదటి నిజం అదే. అయితే ఆయన వెనక అంత ఎత్తు వామి నిలబడి ఉంటే ఆ నిజాన్ని ఎవరు నమ్ముతారు? ఆమె వామి వైపు చూసింది, తాత వైపు చూసింది. "అట్లనా మామా" అంది. అంతే. గొంతు పెంచలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. కొంగు సర్దుకుని పోయింది. పరిగెత్తి పోయి చెప్పాలని నా కాళ్లు లేచాయి గాని, మా అమ్మ నా జడ పట్టుకుని ఆపింది.

మరికొన్ని రోజులకు పశువులను తోలుకుపోయే బేరగాళ్లు మా ఊరి మీదుగా వెళ్తూ ఆగారు. డొక్కలెండిన ఎద్దును వాళ్లు ఎందుకు కొంటారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దమ్మ తెల్లెద్దు కొమ్ములకు నూనె రాసి, మెడలో గంట విప్పుకుని, తాడు వాళ్ల చేతికిచ్చింది. అది మా వాకిలి ముందుకు రాగానే నిలబడిపోయింది. పొద్దున్నే మా మైలదాని పక్కన నిలబడటం దానికి అలవాటు మరి. వాళ్లు కర్రతో అదిలిస్తే కదిలింది. తాత ఇంట్లోనే కూర్చుండిపోయాడు, బయటికి రాలేదు.

తరువాత వాన పడింది. నేలకు మంచి పదును. ఊరంతా గొర్లు కట్టింది. మా మైలది మాత్రం మేత మేసే గాటి దగ్గరే ఉంది. తాత ఇంటింటికీ తిరిగాడు గాని, ఆ రైతు అప్పటికే ఇంకొకరితో జత కట్టుకున్నాడు, ఊళ్లో ఒంటెద్దు ఎవరికీ మిగల్లేదు. ఏ పదును కోసం ఆ వామి వేశాడో ఆ పదును మా కళ్లముందే ఆరిపోయింది. మా చేనూ పెద్దమ్మ చేనూ పక్కపక్కనే బీడు పడ్డాయి.

అప్పటికి చొప్ప మొత్తం అయిపోయి, పెరట్లో కందికట్టె గూడు ఒక్కటే మిగిలింది. దాన్ని పీకేసే ఓపిక కూడా తాతకు లేకపోయింది. ఇంకో వాన పడితే కూలికి ఎద్దుల్ని మాట్లాడుకుందామా అని అడగడానికి పెద్దమ్మ వచ్చి దాన్ని చూసింది. దగ్గరికి పోయి ఒక కట్టె పట్టుకుని లాగి చూసింది.

"ఏంది మామా ఇది? ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదా. రెండెద్దులూ కాళ్లమీద ఉన్నప్పుడే బండి కట్టుకోని, ఇద్దరం కలిసి అడవికి పోయి బోదన్నా కోసుకొస్తిమి గదా."

అది నిజం. బోద ముతకదే, అయినా ఎద్దు ప్రాణం నిలుస్తుంది. అడవికి పోవాలంటే బండి కావాలి, బండికి రెండెద్దులూ కావాలి. తాత తనకు మేత లేదని చెప్పలేక ఆ మాట ఎత్తలేదు. నాలుగు మోపులే ఇవ్వనివాడు ఎద్దునేం ఇస్తాడని ఆమె ఎత్తలేదు. ఎదురుగా కొండ, కొండ నిండా గడ్డి, మధ్యలో మా వామి. ఆ తరువాత కూడా పెద్దమ్మ ఆయన్ను మామా అనే పిలిచింది. మర్యాదలో ఏ లోటూ చేయలేదు. ఆమె తిట్టి ఉంటే ఆయన ఇంకొన్నాళ్లు బతికేవాడేమోనని నాకు అనిపిస్తుంది. ఆమె చేను కౌలుకిచ్చి కూలికి పోయింది. మేం మైలదాన్ని అమ్మేసి మార్కాపురం చేరాం.

తాత మీద కోపం నాకు పూర్తిగా పోలేదు, జాలీ పోలేదు. లేదు అన్న మాటకు కూడా ఒక వేళ ఉంటుందని, ఆ వేళ దాటాక నిజం చెప్పినా దండగేనని ఆయన వల్లనే తెలుసుకున్నాను. అప్పటినుంచీ నాకు లేనిది లేదని ముందే చెప్పేస్తాను. కాపురంలో చెప్పాను, పిల్లల చదువులప్పుడు చెప్పాను, మా ఇంటాయన మంచాన పడ్డప్పుడు కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పాను. విన్నవాళ్లు అయ్యో అన్నారు, కొందరు దారి మార్చుకుని పోయారు. అయితే పద, ఇద్దరం కలిసి పోదాం అన్న మనిషి మాత్రం ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ ఎదురు కాలేదు. అలాంటి మనిషి మాకు గోడ పక్కనే ఉండేది.