ఏడో హోల్లో ఉన్నది బంకరా, దొరువా?

మా తీరంలో గోల్ఫ్ కోర్సు వచ్చిందని పత్రికలు రాశాయి, టీవీలు చూపించాయి. ఎవరు గీశారో, ఎవరు డబ్బు పెట్టారో, ఎవరు రిబ్బను కత్తిరించారో అందరికీ తెలుసు. ఆ ఇసుకలో గడ్డి మొలిపించింది ఎవరని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఇక అడిగేలా లేరు కాబట్టి నేనే చెబుతున్నాను.

మాది నల్లపాడు దగ్గర పల్లెటూరు. వ్యవసాయ డిగ్రీ చదివి, పత్తికీ మిర్చికీ మందులు చెప్పే ఉద్యోగం చేయాల్సినవాణ్ణి. అది దొరక్క బెంగళూరులో ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే పనిలో చేరి, అక్కడే కోర్స్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మైదానంలో గడ్డి, నీరు, ఇసుక, మందులు, వాటి మీద పనిచేసే మనుషులు, అన్నిటికీ జవాబుదారీ ఆ ఉద్యోగమే. రిటైరైన మరుసటి వేసవిలో, కల్లాల్లో మిర్చి ఎండుతున్న రోజుల్లో, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి సుభానీ గారు కబురు పెట్టారు. చీరాల దాటాక సముద్రం పక్కన కొన్న ఇసుక దిబ్బల మీద ఆయన కోర్సు కట్టిస్తున్నారు. గడ్డి బాధ్యత నాది. హోదా మాత్రం సలహాదారు. ప్రాజెక్ట్ డైరెక్టరుగా రత్నాకర్ అప్పటికే చేరిపోయాడని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

రత్నాకర్ బెంగళూరులో నా కింద అసిస్టెంటు. గ్రీను మీద, అంటే జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, గడ్డి ఎంత ఎత్తున కోయాలో నేను నేర్పినవాడు. అప్పట్లో 'గురువుగారూ' అనేవాడు. ఇక్కడ మొదటి రోజే, కూలీలందరి ముందు, "రండి పెద్దాయనా, ఎండలో తిరగ్గలరా?" అన్నాడు. మా ఇద్దరికీ ఆరేళ్లే తేడా. అతనికి గదిలో ఏసీ, తిరగడానికి కొత్త జీపు. నాకు పైకప్పు లేని బండి.

ఈ పనిలో వరస ఇలా ఉంటుంది. డబ్బు యజమానిది. గీత డిజైనరుది, ఆయన విదేశంలో ఉండి ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఆ గీతను నేల మీదికి దించేది డైరెక్టరు. నేల ఏమంటుందో చెప్పాల్సింది నాలాంటివాడు. ఆ నేల చాలా చెప్పింది. అక్కడి దిబ్బలు మనుషులు పోసినవి కావు, గాలి పోసినవి. ఒక పక్క సరుగుడు, ఒక పక్క జీడిమామిడి, మధ్యలో రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి. నల్లరేగడిలో పెరిగిన నాకు ఈ ఇసుకలో నీళ్లు నిలబెట్టడమే పెద్ద పని అయింది. పోసినవి పోసినట్టే దిగిపోయేవి. విదేశం నుంచి తెప్పించిన రకమని రత్నాకర్ చెప్పుకునే బెర్ముడా గడ్డి మన గరికకు చుట్టమే. దాన్ని గరికలాగే చూసుకున్నాను. మొలిచింది.

మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి జెండా ఉన్న చిన్న గుంట దాకా ఉండే ఒక్కో భాగాన్ని హోల్ అంటారు. ఏడో హోల్ దగ్గర ఒక పాత దొరువు ఉంది. మెట్ట ప్రాంతం వాళ్లకు తెలియకపోవచ్చు. ఇసుక నేలల్లో కొద్ది లోతులోనే మంచినీళ్లు ఉంటాయి. రైతులు వెడల్పుగా, ఏటవాలుగా గొయ్యి తవ్వి, అందులోకి నడిచి దిగి, బిందెలతో ముంచుకుని నారుమళ్లకు పోసుకుంటారు. ఆ గొయ్యే దొరువు. గీత ప్రకారం ఆ చోట చదునైన ఫెయిర్‌వే రావాలి, అంటే కోసిన గడ్డి దారి. పూడ్చడానికి యంత్రం కూడా వచ్చింది. నేను వెళ్లి దాని ముందు నిలబడ్డాను.

"గుంటే కదా పెద్దాయనా, పూడ్చేద్దాం" అన్నాడు రత్నాకర్.

"గుంట కాదయ్యా, దొరువు. దీన్ని ఉంచి దారిని పక్కకు తిప్పు. దానవతల దిబ్బ మీద గ్రీను పెట్టు. దీనికి మించిన హోల్ ఈ దేశంలో ఉండదు" అన్నాను.

అతను నవ్వాడు. యంత్రం మాత్రం వెనక్కి వెళ్లింది. తర్వాత డిజైనరు వచ్చినప్పుడు ఆ దొరువు అంచున నిలబడి, "ఇక్కడ దారి తిప్పితే బాగుంటుందని నాకు అనిపించింది" అని రత్నాకర్ చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. డిజైనరు అతని భుజం తట్టాడు. ఆ సాయంత్రమే సుభానీ గారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ముందు గడ్డి మొలవనీయండి కోటేశ్వర్రావు గారూ, పేర్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారాయన.

ప్రారంభానికి ముందు పత్రికలో రత్నాకర్ ఫోటోతో పెద్ద వ్యాసం వచ్చింది. 'రైతుల పాత దొరువును కాపాడి దాని చుట్టూ హోల్ కట్టాలన్నది నా ఆలోచన' అని అందులో ఉంది. నా పేరు ఎక్కడా లేదు. ఆహ్వాన పత్రికలోనూ లేదు.

కోర్సు తెరిచే రోజున, అతిథులు రాకముందే, మా ముగ్గురి మధ్య తొలి ఆట పెట్టారు సుభానీ గారు. గెలిచినవాడి పేరు క్లబ్బు గుమ్మం పక్కన నల్ల గ్రానైటు పలక మీద చెక్కిస్తామన్నారు. ఆయన మూడో హోల్లోనే జీడి తోపులో రెండు బంతులు పోగొట్టుకుని, లెక్క చూసేవాడిగా మిగిలిపోయారు. పోటీ నాకూ రత్నాకర్‌కూ. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు.

ఆ మైదానంలో ఆడటం ఊళ్లో క్లబ్బుల్లో ఆడినట్టు ఉండదు. బంతి పడ్డచోట ఆగదు. దిబ్బ ఎటు వాలితే అటు పోతుంది. గాలి సముద్రం మీది నుంచి ఏటవాలుగా తోస్తుంది. రత్నాకర్ ఆట చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. పొడుగు మనిషి, నడుము తిరిగిన తీరు, బంతి గాలిలోకి లేచి వంపు తిరిగి దారి మధ్యలో వాలడం. ప్రతి దెబ్బకూ ఫోటోలు తీశారు. తెల్ల బూట్లకు ఇసుక కూడా అంటలేదు. నేను తక్కువ ఎత్తులో, గాలి కింద నుంచి, నేల వాలు చూసుకుని కొట్టుకుంటూ పోయాను. ఆ నేల ఎక్కడ ఎటు వాలుతుందో నా కాళ్లకు తెలుసు. నా దెబ్బలు ఎవరూ ఫోటో తీయలేదు. ఏడో హోల్‌కు వచ్చేసరికి మాత్రం ఇద్దరం సమానం.

అక్కడ నా బంతి దిబ్బ అంచున తగిలి దొరువులోకి దొర్లింది. వేసవి కాబట్టి అడుగున నీళ్లు లేవు, ఇసుకే. దిగాను. గడ్డి ఏరే ఆడవాళ్ల మేస్త్రీ మరియమ్మ గట్టు మీద నుంచి, "ఏంది సారూ, మీ దొరువులో మీరే పడ్డారా?" అని అరిచింది. మిగతావాళ్లు నవ్వారు. నేను కర్రను బంతి వెనక ఇసుకలో ఆనించి, కొలత చూసుకుని కొట్టాను. బంతి గట్టు దాటి, గ్రీను మీద రెండు గెంతులు వేసి, జెండా పక్కన ఆగింది. నా ముప్పై ఏళ్ల ఆటలో అంత మంచి దెబ్బ కొట్టలేదు.

"దెబ్బ బాగుంది పెద్దాయనా. కానీ రెండు కలుపుకోవాలి" అన్నాడు రత్నాకర్.

"దేనికి?"

"బంకర్లో కర్ర ఆనించారుగా."

బంకరంటే ఆటగాణ్ణి ఇబ్బంది పెట్టడానికి కావాలని తయారుచేసిన ఇసుక గుంట. అందులో కొట్టేముందు బంతి వెనక ఇసుకను కర్రతో తాకితే రెండు దెబ్బల శిక్ష. నీటి గుంట సంగతి వేరు. అది ఎండిపోయి ఉన్నా, అందులో కర్ర ఆనించవచ్చు.

"ఇది బంకరేందయ్యా? దొరువు!" అన్నాను.

"మన స్కోరు కార్డు మీద బంకరనే వేయించాను."

సుభానీ గారు కిందికి తొంగి చూశారు. "దొరువంటే నీళ్లుండాలిగా. ఏవీ?"

మరియమ్మను పిలిచాను. ఆమె ఇక్కడే కూలికి వచ్చి ఈ దొరువు నీళ్లే నారుకు మోసిన మనిషి. "నువ్వు చెప్పమ్మా, దీన్నేమంటారు?"

"నీళ్లుంటే దొరువంటాం, లేకపోతే గొయ్యంటాం. మీ సార్లు ఏదంటే అదే. మజ్జిగ తాగుతారా?" అంది. ఆ మజ్జిగ కూడా ముందు రత్నాకర్‌కే ఇచ్చింది.

ఇక లాభం లేదని మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టాను. మోచేతి లోతు వెళ్లేసరికి ఇసుక చల్లబడింది. ఇంకాస్త తవ్వితే ఊట వచ్చింది. దోసిట్లో పట్టి పైకెత్తి, "ఇవేంటండీ మరి?" అన్నాను.

"ఇందాక ఇసుక తాకారు, ఇప్పుడు బావే తవ్వారు. ఇంకో రెండు వేయమంటారా పెద్దాయనా?" అన్నాడు రత్నాకర్. గట్టు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. సుభానీ గారు కూడా నవ్వి, "తర్వాత చూద్దాం, ముందు ఆట కానీయండి" అన్నారు. తడిసిన చొక్కా చేతులతోనే మిగతా ఆట ఆడాను.

చివరికి ఒక్క దెబ్బ తేడాతో రత్నాకర్ గెలిచాడు. ఆ రెండూ తీసేస్తే గెలిచింది ఎవరో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అతిథులు వచ్చే వేళకు పలక మీద అతని పేరు చెక్కడం అయిపోయింది. గ్రానైటు మీద చెక్కింది తుడిస్తే పోదు. నా ఒప్పందాన్ని ఆ నెలతోనే ముగించారు. తర్వాత రెండుసార్లు సుభానీ గారి ఆఫీసుకు వెళ్లాను. సారు క్వారీకి వెళ్లారన్నారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదే. నేల గురించి మీరిచ్చిన సలహాను ఆ రోజే డ్రాయింగు మీదికి ఎక్కించండి, అక్కడి జనం పిలిచే పేరుతోనే ఎక్కించండి. పేరు మారితే నియమం మారుతుంది. నియమం మారితే గెలుపు మారుతుంది.

ఇక సుభానీ గారూ, మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ డైరెక్టరు పత్రికలో దొరువన్నాడు, కార్డు మీద బంకరన్నాడు. రెండూ కుదరవు. అది బంకరైతే, దొరువును కాపాడానని అతను చెప్పుకున్న మాట అబద్ధం. దొరువైతే, పలక మీద ఉండాల్సిన పేరు అతనిది కాదు. ఏదో ఒకటి మీ నోటితోనే చెప్పండి. గడ్డి మొలిచే దాకా ఆగమన్నారు, ఆగాను. గడ్డి మొలిచింది.