నొప్పి లేదని మా దయామణి చేత చెప్పించాను

మనకు ఊపిరి పోసి, అది ఎన్నాళ్ళు నిలవాలో తానొక్కడే ఎరిగిన పరలోకపు తండ్రికి స్తోత్రం. ఆయన ఇచ్చిన దినాలకు స్తోత్రం, ఇవ్వని దినాలకు కూడా స్తోత్రం. ఈ రెండో మాట రాయడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.

నేను బరంపురంలో మిషన్ బడి పంతులును. ఒరిస్సా కొత్త రాష్ట్రమై, మా తెలుగు పిల్లల చేత ఒడియా అక్షరాలు కూడా దిద్దించవలసి వచ్చిన మొదటి సంవత్సరాల సంగతి ఇది. మాకు ఒక్కతే కూతురు, దయామణి. అప్పటికి పన్నెండేళ్ళు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడిపోయింది. గడప దాటడానికి కాలు ఎత్తలేకపోయింది. కుడి మోకాలు వాచి, చెయ్యి వేస్తే కాలుతోంది. రెండు వారాల కిందట గొంతు నొప్పి, కొంచెం జ్వరం వచ్చి పోయాయి. వాటికీ దీనికీ సంబంధం ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

మూడో రోజుకు మోకాలు తగ్గి ఎడమ చీలమండ వాచింది. ఆ తర్వాత కుడి మణికట్టు. మందుల కొట్టు కాంపౌండరు చూసి, "వాతం పంతులుగారూ, పూతమందు రాయండి" అన్నాడు. రాశాం.

కబురు పొడంపేటలో ఉన్న మా అమ్మకు చేరింది. మాది చేపలు పట్టే కుటుంబం. నాతోపాటు అమ్మ కూడా బాప్తిస్మం పొందింది గాని, సముద్రం ఒడ్డున నేర్చుకున్నవన్నీ ఆ నీళ్ళలో వదిలెయ్యలేదు. వస్తూ వస్తూ బడా బజారులో కంచరి దగ్గర రాగి కడియం చేయించుకుని వచ్చింది. కీళ్ళ నొప్పికి రాగి తొడగడం మా వైపు మామూలే. కడియం కింద చర్మం ఆకుపచ్చగా మారితే నొప్పి బయటికి దిగుతోందని అంటారు.

"అదేటమ్మా, తాయెత్తు కట్టినట్టు?" అన్నాను.

"తాయెత్తు కాదురా, రాగి. మంత్రం లేదు, ముడుపు లేదు. నీ కాంపౌండరు పూసిందీ మందే, ఇదీ మందే."

"దాని మీద నమ్మకం పెడితే అది విగ్రహమే."

"మరి అరణ్యంలో పాము కరిసినోళ్ళకి ఇత్తడి పాముని ఎత్తి సూపించమన్నదెవరు? దేవుడే గదా. నువ్వే సదివి ఇనిపించినావు."

"జనం ఆ పాముకే మొక్కుతున్నారని తర్వాత ఒక రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అదీ చదివాను."

"ఆ దినం నాను కునుకు తీసుంటాను" అంటూ అమ్మ కడియాన్ని పిల్ల చేతికి తొడిగేసింది.

నాలుగు రోజులు ఊరుకున్నాను. అయిదో రోజున సంఘ పెద్ద ఒకరు ప్రార్థనకు వచ్చి ఆ చెయ్యి చూశారు. "మేస్టారూ, మీ ఇంట్లోనే ఇలాగుంటే మేం ఊళ్ళో ఏటి సెప్పగలం?" అన్నారు. ఆయన వెళ్ళగానే పట్టకారు తీసుకున్నాను. మణికట్టు వాచి కడియం బిగిసిపోయి ఉంది. విప్పుతుంటే దయామణి అరవలేదు. గోడ వైపు తిరిగి పెదవి కొరుక్కుంది. చర్మం మీద మిగిలిన పచ్చటి చారను చింతపండుతో రుద్ది కడిగాను. మచ్చ కూడా ఉండకూడదనుకున్నాను.

మూడు దినాలు ఉపవాసం ఉండి ప్రార్థించాం. వారం తిరిగేసరికి వాపులన్నీ పోయాయి. పిల్ల తనంతట తానే నూతి దాకా నడిచింది.

"సూసినావా, లాగాల్సిందంతా రాగి లాగీసింది" అంది అమ్మ.

"తీసేశాకే తగ్గింది" అన్నాను.

"తొడిగినాకే తగ్గింది" అంది.

ఎవరి గెలుపు వాళ్ళకే ఉండిపోయింది. కాని నేను అక్కడితో ఆగలేదు. ఆ ఆదివారం ఆరాధనలో దయామణిని నిలబెట్టి సాక్ష్యం చెప్పించాను. మూడు వాక్యాలు. ఇంట్లో నేనే వల్లె వేయించాను. "నాకు కీళ్ళ నొప్పి ఉండేది. మా నాన్న రాగి తీసివేసి ప్రార్థించారు. ఇప్పుడు నాకు ఏ నొప్పీ లేదు." సంఘమంతా స్తోత్రం చెప్పింది. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

ఆ తర్వాతి సంవత్సరం గురించి రాయాలంటే చెయ్యి సాగదు. దయామణి నీళ్ళ బిందెతో దారిలో ఆగి కూర్చునేది. అడిగితే కాలికి రాయి గుచ్చుకుందనేది. పాట ఎత్తుకుని చరణం మధ్యలో ఆగిపోయేది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటోందని నా భార్య చెప్పింది. "ఎదిగే పిల్ల, అలాగే ఉంటుంది" అన్నాను.

మళ్ళీ వానలు పడే రోజుల్లో అమ్మ ఎండుచేపలు తీసుకుని చూడడానికి వచ్చింది. మనవరాలి పాదాలకు నూనె రాయబోతే పిల్ల ముడుచుకుపోయింది. రెండు చీలమండలూ వాచి ఉన్నాయి. పరికిణీ కిందికి దించి కట్టుకుని ఎన్నాళ్ళుగా దాచిందో తెలియదు. నేను పక్క గదిలో పిల్లల పలకలు దిద్దుతున్నాను. అంతా వినబడింది.

"ఎన్నాళ్ళయినాది?"

"మామ్మా, నాన్నకి సెప్పకు."

"ఏటి సెప్పకు? ఒల్లు కాలిపోతంది."

"నొప్పి లేదని సంఘంలో సాక్ష్యం సెప్పీసేను మామ్మా. ఇప్పుడుందంటే అబద్ధం అయిపోదా? నాన్నకి అవమానం కాదా?"

అమ్మ లేచింది. గుమ్మంలోకి వచ్చి నా ముఖం చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "బండి పిలు. ఆస్పత్రికి ఎల్దాం" అంది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఒడియా ఆవిడ. తెలుగు తడుముకోకుండా మాట్లాడేవారు. దయామణి గుండెకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు. పక్కకు తిప్పి మళ్ళీ విన్నారు. తర్వాత మా వైపు తిరిగి, "పోయిన ఏడు కీళ్ళ నొప్పి వచ్చిందన్నారు. దేనితో తగ్గింది?" అని అడిగారు.

"ప్రార్థనతో" అన్నాను. అదే క్షణంలో అమ్మ "రాగితో" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది Rheumatic fever. గొంతు నొప్పి తర్వాత పిల్లలకు వస్తుంది. ఇందులో కీళ్ళ నొప్పి దానంతటదే పోతుంది, ఏం చేసినా పోతుంది, ఏమీ చెయ్యకపోయినా పోతుంది. గుండెకు తగిలిన దెబ్బ పోదు. Murmur, అంటే గుండె చప్పుడులో హోరు, గట్టిగా వినిపిస్తోంది. గుండెలో రక్తాన్ని వెనక్కి పోనివ్వని తలుపు, Mitral valve, పాడయింది. నొప్పి తగ్గినప్పుడే తెచ్చి ఉంటే నెలల తరబడి మంచం మీద ఉంచేవాళ్ళం. పిల్ల బిందెలు మోసిందంటున్నారు" అన్నారు.

"రాగి వల్ల ఏటైనా సెడుపు జరిగిందా అమ్మా?" అని అమ్మ అడిగింది.

"చెడూ లేదు, మంచీ లేదు."

ఆరు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాం. జ్వరానికీ వాపుకీ ఇచ్చిన Salicylate mixture తాగితే చెవుల్లో హోరు, వాంతులు. తినడానికి కూడా లేచి కూర్చోకూడదు. నా భార్య చెంచాతో గంజి పోసేది. మూడో వారంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెదవులు నీలమయ్యాయి. "Heart failure" అని డాక్టరమ్మ నర్సుతో అన్న మాట నేను విన్నాను. గుండెకు బలమిచ్చే Digitalis మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఎటూ తేలలేదు. ఆ నాలుగు రోజులు నా నోట ప్రార్థన రాలేదు. అమ్మ పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చుని, చదువురాని మాటలతో ప్రార్థించింది. ఆమె ప్రార్థించడం నేను విన్నది అదే మొదలు.

తేరుకున్నాక ఒక మధ్యాహ్నం దయామణి, "నాన్నా, మళ్ళీ నిలబడి సెప్పాలా?" అంది.

"అక్కర్లేదమ్మా."

"అప్పుడు సెప్పింది అబద్ధమేనా?"

"ఆ రోజుకు అది నిజమే. తర్వాత నిన్ను ఒక్కసారైనా అడగలేదు. అది నా పాపం."

ఆమె "అడిగుంటే లేదనే సెప్పుదును" అంది. అది నిందగా అనలేదు. అందుకే ఆ గాయం నాలో ఇప్పటికీ మానడం లేదు.

ఇంటికి వచ్చాక నేనే సంఘం ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. మేస్టారికి విశ్వాసం సన్నగిల్లిందని కొందరన్నారు. నాకలా అనిపించదు. దేవుడు మా ప్రార్థన వినలేదని నేను అనను. ఆయన ఇంకా ముగించని పనిని ముగిసిందని ఆయన పేరు మీద నేను ప్రకటించాను. పిల్ల నోట ఆ మాట పెట్టాను.

దయామణికి ఇప్పుడు పదిహేడేళ్ళు దాటాయి. మెట్లు ఎక్కే శక్తి లేదు. పెళ్ళి చేస్తే కాన్పు ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పారు. అరుగు మీద కూర్చుని చిన్నపిల్లలకు తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ దిద్దిస్తుంది. ప్రతి చలికాలమూ ఆమె బలం కొంచెం కొంచెంగా తగ్గుతోంది. అమ్మ మాత్రం తన ముసలి మోకాళ్ళ కోసం కాలికి రాగి కడియం వేసుకుంటుంది. నేను దాని మాట ఎత్తను.

ఇది చదివే తలిదండ్రులకు ఒక్కటే చెబుతాను. గొంతు నొప్పి వచ్చి పోయాక బిడ్డకు జ్వరంతో కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే, ఆ నొప్పి వారంలో పోయినా సరే, దేనితో పోయిందని మీరు నమ్మినా సరే, డాక్టరు చేత గుండె పరీక్ష చేయించండి. ఆలస్యం చెయ్యకండి.

ప్రతి ఉదయం నేను దయామణిని ఎలా ఉందమ్మా అని అడుగుతాను. కొన్ని రోజులు బాగుందంటుంది. కొన్ని రోజులు, "ఈ రోజు బాలేదు నాన్నా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె పక్కన కూర్చుంటాను. విన్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. మీరు కూడా ఉన్నచోటనే కళ్ళు మూసుకుని నాతో కలిసి ఈ కొద్ది మాటలు పలకండి: తండ్రీ, ఈ బిడ్డను నీ చిత్తమున్నంత కాలం మా మధ్య ఉంచు. ఆమెకు బాగులేని రోజున బాగులేదని చెప్పే ధైర్యం ఇవ్వు. అది వినే మనసు మాకివ్వు. ఆమేన్.